ముల్లుతో ముల్లు: బూటకపు పరిశోధనలు దేని నిగ్గు తేలుస్తాయి?

1904 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో ఒక ప్రయోగశాల గదిని పూర్తిగా చీకటి చేశారు. రెనే బ్లాండ్లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త తాను కనుగొన్నానని చెప్పిన 'ఎన్-కిరణాలు' అనే కొత్త రకం కిరణాలను అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ వుడ్‌కు చూపిస్తున్నారు. కిరణాలు అల్యూమినియం పట్టకం గుండా వెళ్లి విడివిడిగా పడుతున్నాయని చెప్పి, అవి ఎక్కడెక్కడ పడుతున్నాయో వరుసగా కొలతలు చదువుతున్నారు. వుడ్ చీకట్లో చెయ్యి చాచి ఆ పట్టకాన్ని తీసేశారు. కిరణాలను విడదీయవలసిన వస్తువే ఇప్పుడు అక్కడ లేదు. కొలతలు మాత్రం ముందులాగే వినిపించాయి.

బ్లాండ్లో ఎన్-కిరణాలను ప్రకటించింది 1903లో. కొద్ది ఏళ్లలోనే వందమందికి పైగా శాస్త్రవేత్తలు వాటిపై దాదాపు 300 పత్రాలు రాశారు. ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ 1904లో ఆయనకు 50,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. వుడ్ తాను చేసిన పనిని 'నేచర్' పత్రికలో లేఖగా రాయగానే ఫ్రాన్స్ బయట ఎన్-కిరణాల కథ ముగిసిపోయింది. బ్లాండ్లో ఎవరినీ మోసం చేయలేదు. చీకటికి అలవాటుపడిన కన్ను, చూడాలన్న కోరిక కలిసి ఆయననే మోసం చేశాయి.

వుడ్ చేసింది చిన్న కపటమే. కానీ దాని నిర్మాణాన్ని గమనించాలి. పట్టకం తీసిన తర్వాత బ్లాండ్లో 'ఇప్పుడు గీతలు కనిపించడం లేదు' అని ఉంటే, వుడ్ ఓడిపోయేవారు. ఎన్-కిరణాలకు అంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటి ఉండేది కాదు. అంటే ఆ కపటానికి రెండు ఫలితాలు సాధ్యం. రెండూ ఏదో ఒకటి నేర్పేవే. కుహనా శాస్త్రాన్ని, నాసిరకం పాండిత్యాన్ని బయటపెట్టడానికి గత వందేళ్లకు పైగా ఎందరో పన్నిన బూటకాలను తూచడానికి ఇదే సరైన తూకపురాయి. పన్నినవాడికి ఓడిపోయే అవకాశం ఉందా? ఉంటే అది పరీక్ష. లేకపోతే అది ఎంత నవ్వించినా ఎగతాళి మాత్రమే.

అన్ని బూటకాలనూ ఒకే గాటన కట్టకూడదు. 1725లో జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో యోహాన్ బెరింగర్ అనే వైద్యాచార్యుడికి కొండ మీద దొరికేలా కొందరు చెక్కిన రాళ్లను పెట్టించారు. కప్పలు, తేనెటీగలు, తోకచుక్కలు, చివరికి హీబ్రూ అక్షరాలు కూడా ఆ రాళ్ల మీద ఉన్నాయి. ఆయన వాటిని నిజమైన శిలాజాలని నమ్మి 1726లో పుస్తకం అచ్చు వేయించారు. దాని వెనక ఉన్నది ఆయన సహోద్యోగుల ద్వేషం. వ్యవహారం విచారణ దాకా వెళ్లింది. 1912లో ఇంగ్లండ్‌లో బయటపడ్డ పిల్ట్‌డౌన్ మానవుడి పుర్రె ఇంకో రకం. అది కీర్తి కోసం చేసిన మోసం. దాన్ని తయారుచేసినవాళ్లు ఎన్నడూ నోరు విప్పలేదు. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడను జతచేశారని 1953లో ఇతరులు తేల్చవలసి వచ్చింది. పరీక్ష కోసం పన్నే బూటకానికి మొదటి గుర్తు ఏమిటంటే, గుట్టు విప్పే తేదీ అందులో మొదటి నుంచీ ఉంటుంది. దాచడం దాని పద్ధతి, చెప్పడం దాని లక్ష్యం.

ఈ పద్ధతిని అత్యంత శ్రద్ధగా పాటించిన ఉదాహరణ ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీది. 1979లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి అతీంద్రియ శక్తుల పరిశోధన కోసం 5 లక్షల డాలర్ల విరాళం వచ్చింది. ఇచ్చింది విమానాల పరిశ్రమకు చెందిన జేమ్స్ మెక్‌డానెల్. ప్రయోగశాల బాధ్యత భౌతిక శాస్త్రవేత్త పీటర్ ఫిలిప్స్‌ది. మనోబలంతో చెంచాలు వంచగలమంటూ ఇద్దరు కుర్రాళ్లు అక్కడికి చేరారు. స్టీవ్ షా, మైఖేల్ ఎడ్వర్డ్స్ అనే ఆ ఇద్దరూ ఇరవై ఏళ్లు కూడా నిండని ఔత్సాహిక ఇంద్రజాలికులు. వాళ్లను పంపింది రాండీ.

వాళ్లు వాడిన ఉపాయాలు ఎంత సాదావో చూస్తే బాధ కలుగుతుంది. ప్రయోగానికి వాడే చెంచాలకు, ఫోర్కులకు దారంతో కాగితపు చీటీలు కట్టి ఉండేవి. ముందు ప్రతిదాని వంపునూ కొలిచి రాసుకునేవారు. కుర్రాళ్లు రెండు చెంచాల చీటీలను మార్చి కట్టేవారు. మళ్లీ కొలిస్తే రెండింటి వంపూ మారినట్టు కనిపించేది. ఎవరూ ఏ చెంచానూ వంచలేదు. రెండేళ్లకు పైగా ఇలాంటి ఫలితాలు పోగుపడ్డాయి.

రాండీ ఇక్కడ చేసిన రెండు పనులు ఈ బూటకానికి విలువ తెచ్చాయి. మొదటిది, కుర్రాళ్లు ప్రయోగశాలలో అడుగు పెట్టక ముందే ఆయన ఫిలిప్స్‌కు 11 అంశాలతో జాగ్రత్తల జాబితా పంపారు. ఒకసారి ఒకే వస్తువు బల్ల మీద ఉండాలి, గుర్తులు చెరగనివిగా ఉండాలి, ప్రయోగంలో పాల్గొనేవారి ఇష్టాన్ని బట్టి నియమాలు మార్చకూడదు వంటివి అందులో ఉన్నాయి. ఖర్చు లేకుండా వచ్చి సాయం చేస్తానని కూడా చెప్పారు. రెండోది, 'ఇది మోసమా' అని ఎవరైనా సూటిగా అడిగితే వెంటనే ఒప్పుకుని, తమను రాండీ పంపారని చెప్పాలని కుర్రాళ్లకు ఆదేశం. ఒక్క ప్రశ్నతో బూటకం కూలిపోయేలా ఆయన దాన్ని కట్టారు.

తర్వాత జరిగింది ఇంకా విలువైనది. 1981లో పరామానసిక శాస్త్రవేత్తల, అంటే అతీంద్రియ శక్తులను పరిశోధించేవారి సమావేశంలో విమర్శలు వచ్చాక ఫిలిప్స్ జాగ్రత్తలను బిగించారు. అద్భుతాలు ఆగిపోయాయి. 1983 జనవరిలో న్యూయార్క్‌లో విలేకరుల సమావేశం పెట్టి రాండీ అంతా చెప్పారు. 1985లో ఆ ప్రయోగశాల మూతపడింది. నియమాలు బిగిస్తే ఫలితం మాయం కావడం, వదులు చేస్తే ఫలితం రావడం, ఈ రెండూ ఒకే చోట, అదే మనుషులతో నమోదయ్యాయి. ఏ పాఠ్యపుస్తకమూ నియంత్రణ అవసరాన్ని ఇంత సూటిగా చూపలేదు. ప్రకృతి కొన్నిసార్లు జటిలంగా ఉంటుంది, కానీ అబద్ధం ఆడదు. అలాంటి ప్రకృతితో పని చేయడానికి అలవాటుపడిన శాస్త్రవేత్తకు ఎదుటి మనిషి కపటాన్ని పసిగట్టే శిక్షణ ఉండదు. అందుకే చెంచాల గదిలో ఒక ఇంద్రజాలికుడు ఉండాలని రాండీ జీవితాంతం వాదించారు.

అయినా దీనికి విమర్శ లేకపోలేదు. సమాజ శాస్త్రవేత్త మార్చెల్లో ట్రూజీ దీని నైతికతను గట్టిగా ప్రశ్నించారు. నమ్మకంతో తలుపు తెరిచిన పరిశోధకుడిని మోసగించవచ్చా అన్నది ఆయన బాధ. ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. కానీ ముందే హెచ్చరిక పంపిన మోసానికీ, పంపని మోసానికీ తేడా ఉంది.

1996లో భౌతిక శాస్త్రవేత్త ఆలన్ సోకల్ చేసింది ఇంతకన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది, కానీ పరీక్షగా దాని బలం తక్కువ. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసే సోకల్, డ్యూక్ విశ్వవిద్యాలయం ప్రచురించే సాంస్కృతిక అధ్యయనాల పత్రిక 'సోషల్ టెక్స్ట్'కు ఒక వ్యాసం పంపారు. క్వాంటం గురుత్వాకర్షణకు రాజకీయ ప్రాధాన్యం అంటగట్టే వ్యాసం అది. భౌతిక వాస్తవం కూడా అంతిమంగా సమాజమూ భాషా కలిసి కట్టిన నిర్మాణమేనని అందులో రాశారు. యూక్లిడ్ కాలం నుంచీ స్థిరమనుకున్న 'పై' (π) విలువ చరిత్రను బట్టి మారేదేనని కూడా రాశారు. వందకు పైగా అధోసూచికలు, పేరుమోసిన సిద్ధాంతకారుల ఉల్లేఖనలు దానికి అలంకారం. ఆ ఉల్లేఖనలన్నీ నిజమైనవే. సంపాదకులు కొన్ని భాగాలు తగ్గించమని కోరారు, ఆయన ఒప్పుకోలేదు. చివరికి 'సైన్స్ యుద్ధాలు' అని పేరుపడ్డ, శాస్త్రజ్ఞానం ఎంత నిష్పాక్షికమన్న వాదోపవాదాలపై తెచ్చిన ప్రత్యేక సంచికలో అది యథాతథంగా వచ్చింది. దాదాపు అదే సమయంలో 'లింగ్వా ఫ్రాంకా' పత్రికలో సోకల్ గుట్టు విప్పారు.

పత్రికల మొదటి పేజీల దాకా ఎక్కిన ఈ ఉదంతాన్ని ఒక మొత్తం విద్యారంగం మీద తీర్పుగా చాలామంది తీసుకున్నారు. సోకల్ మాత్రం అలా తీసుకోలేదు. ప్రచురణ జరిగిందన్న ఒక్క విషయం నుంచి పెద్దగా ఏమీ తేలదని, అంతగా ప్రాముఖ్యం లేని ఒక పత్రిక సంపాదకులు తమ బాధ్యత మరిచారని మాత్రమే అది చూపుతుందని ఆయనే రాశారు. ఆ మాట ఆయన చేసిన పరిహాసం కన్నా గొప్పది. 'సోషల్ టెక్స్ట్' అప్పట్లో వ్యాసాలను బయటి నిపుణులతో పరీక్ష చేయించేది కాదు. భౌతిక శాస్త్రం గురించిన వాక్యాలను ఒక్క భౌతిక శాస్త్రవేత్తకైనా చూపించాలన్న ఆలోచన రాకపోవడమే అసలు తప్పు. ఆ తప్పు నిజమైనదే. కానీ ఒక పత్రిక, ఒక వ్యాసం, ఒక ఫలితం. దాని నుంచి రంగం మొత్తానికి దూకడం, ఒక రోగి కోలుకున్నాడని మందు పనిచేస్తుందనడం లాంటిదే. కుహనా శాస్త్రాన్ని తిట్టేవారు ఆ పొరపాటే చేయడం విచారకరం.

ఒక్క పత్రం చాలదంటే ఎన్ని కావాలి? 2013లో జాన్ బొహానన్ అనే శాస్త్ర విలేకరి ఒక బూటకపు పత్రాన్ని 304 జర్నళ్లకు పంపారు. రచయితల నుంచి రుసుము తీసుకుని, పాఠకులకు ఉచితంగా అందించే జర్నళ్లు అవి. నాచులాంటి లైకెన్ నుంచి తీసిన అణువు క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుందన్నది పత్రం సారం. రచయితల పేర్లు, ఆఫ్రికాలోని వారి సంస్థలు అన్నీ కల్పితం. ప్రతి పత్రంలోనూ అణువు, లైకెన్, క్యాన్సర్ కణం పేర్లు మారతాయి, లోపలి తప్పులు మాత్రం అవే.

ఆ తప్పులను ఎంచుకున్న తీరు చూడాలి. మందు మోతాదు పెరిగే కొద్దీ ప్రభావం పెరుగుతోందని పత్రం చెబుతుంది, పక్కనే ఉన్న గ్రాఫు ఆ మాటను కాదంటుంది. మందును కలిపిన ద్రావణంలో ఆల్కహాలు ఉంది, పోలిక కోసం పెట్టుకున్న కణాలకు ఆల్కహాలు ఇవ్వలేదు. కణాలు చచ్చింది మందుతోనా, ఆల్కహాలుతోనా అన్నది ఎవరూ చెప్పలేరు. పైగా తదుపరి పరీక్షల కోసం ఆగకుండా ఈ మందును మనుషులకు ఇవ్వడం మొదలుపెడతామని రచయిత ముగిస్తాడు. వీటిని పట్టుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లనవసరం లేదు. కాగితం చదివితే చాలు. మంచి ఎర లక్షణం ఇదే. లోపం కంటికి కనిపించేలా ఉండాలి, చూడటానికి సిద్ధపడిన కంటికి.

కథనం రాసే సమయానికి 157 జర్నళ్లు అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. మిగిలినవి మూతపడ్డవో, ఇంకా నిర్ణయం చెప్పనివో. సగానికి పైగా నిర్ణయాల్లో తోటి నిపుణుల సమీక్ష జరిగిన జాడే లేదు. శాస్త్రీయ లోపాలను గుర్తించిన సమీక్షలు వచ్చింది 36 సందర్భాల్లో మాత్రమే. వాటిలోనూ 16 సార్లు సంపాదకులు ఆ సమీక్షలను పక్కన పెట్టి పత్రాన్ని అంగీకరించారు. ఈ చివరి అంకె అన్నిటికన్నా కలవరపెట్టేది. సమీక్షకుడు తన పని చేశాడు, తప్పు ఇక్కడ ఉందని రాసి ఇచ్చాడు. రుసుము కోసం ఆ కాగితం బుట్టలోకి పోయింది.

బొహానన్ ప్రయోగంలో ఒక పెద్ద లోటు ఉంది. చందాలతో నడిచే సంప్రదాయ జర్నళ్లకు ఆయన అదే పత్రాన్ని పంపలేదు. సరైన పోలిక లేని ప్రయోగాన్ని ఎరగా వేసిన పరీక్షే పోలిక బృందం లేకుండా తయారైంది. ఉచిత ప్రచురణ విధానమే చెడ్డదన్న అర్థం దాని నుంచి తీయడానికి వీల్లేదు. ఉచితంగా చదివించే జర్నళ్లలోనే 'ప్లాస్ వన్' లాంటిది ఆ పత్రాన్ని లోతుగా చూసి, నైతిక సమస్యలను కూడా ఎత్తిచూపి తిరస్కరించింది.

ఆ లోటును తర్వాత పోలండ్ పరిశోధకులు తీర్చారు. పియోటర్ సొరొకోవ్‌స్కీ బృందం అన్నా ఓ. షుస్ట్ అనే కల్పిత వ్యక్తిని సృష్టించి, సంపాదక వర్గంలో చోటు ఇమ్మంటూ ఆమె పేరుతో 360 జర్నళ్లకు దరఖాస్తులు పంపింది. పోలిష్ భాషలో 'ఒషుస్ట్' అంటే మోసగాడు. ఆమె ఒక్క మంచి పత్రమూ ప్రచురించలేదు, సంపాదక అనుభవం లేదు. జర్నళ్లను మూడు జాబితాల నుంచి తలా 120 చొప్పున తీసుకున్నారు. అనుమానాస్పదమైనవని లైబ్రేరియన్ జెఫ్రీ బీల్ గుర్తించిన వాటిలో 40 ఆమెకు పదవి ఇచ్చాయి. ఉచిత ప్రచురణ జర్నళ్ల డైరెక్టరీలో ఉన్నవాటిలో 8 ఇచ్చాయి. ప్రభావ సూచిక ఉన్న పేరున్న జర్నళ్లలో ఒక్కటీ ఇవ్వలేదు. 2017లో 'నేచర్'లో వచ్చిన ఈ ఫలితం నవ్వు తెప్పించేది కాదు, ఉపయోగపడేది. తెగులు ఎక్కడ ఎంత ఉందో, ఎక్కడ లేదో రెండూ చెప్పింది.

2017, 2018లలో జేమ్స్ లిండ్సే, పీటర్ బోఘోసియన్, హెలెన్ ప్లక్‌రోజ్ కలిసి లింగ, జాతి అధ్యయన రంగాల జర్నళ్లకు 20 బూటకపు పత్రాలు రాసి పంపారు. 2018 అక్టోబరులో వార్తాపత్రిక విలేకరి ఒకరు కూపీ లాగడంతో ముందే బయటపడవలసి వచ్చింది. అప్పటికి 7 పత్రాలు అంగీకారం పొందాయి, వాటిలో 4 అచ్చయ్యాయి. 6 పత్రాలను వాళ్లే వదులుకున్నారు, మిగిలినవి నడుస్తున్నాయి. ఎక్కువగా చర్చకు వచ్చింది కుక్కలను తిప్పే పార్కుల గురించిన పత్రం. దాదాపు 10,000 కుక్కలను పరిశీలించినట్టు అందులో రాశారు.

ఇక్కడ ఒక తేడాను తప్పక గుర్తించాలి. తోటి నిపుణుల సమీక్ష పోలీసు దర్యాప్తు కాదు. సమీక్షకుడి చేతిలో ఉండేది పత్రం మాత్రమే. రచయిత ఫలానా చోట ఇన్ని గంటలు కూర్చుని లెక్కపెట్టానని రాస్తే, అది అబద్ధమని తెలుసుకునే దారి అతనికి సాధారణంగా ఉండదు. ఏ రంగమైనా అంతే. కల్పిత దత్తాంశంతో వైద్యంలో, భౌతిక శాస్త్రంలో కూడా గొప్ప జర్నళ్లను మోసగించినవారు ఉన్నారు. యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త కల్పించిన ఫలితాలు 'సైన్స్', 'నేచర్' రెండింటిలోనూ వచ్చి, 2002లో బండారం బయటపడ్డాక వెనక్కి పోయాయి. కాబట్టి అంకెలను కల్పించి పంపిన పత్రం అచ్చయిందంటే, సమీక్షకుడు రచయితను నమ్మాడని అర్థం. తర్కమే తలకిందులుగా ఉన్న పత్రం అచ్చయిందంటే, సమీక్షకుడు చదవలేదనో, చదివినా పట్టించుకోలేదనో అర్థం. రెండోదే పట్టించుకోవలసిన నేరం. ఆ 20 పత్రాలను తర్వాత విశ్లేషించినవారు, క్షేత్ర పరిశీలన చేసినట్టు చెప్పుకున్నవాటికే అంగీకారం దొరికే అవకాశం ఎక్కువగా ఉందని చూపారు. ఆ పత్రాల్లో కొన్ని వింత వాదనలు సాఫీగా సాగిపోయాయన్నది నిజం. ఆ రంగాల్లో కొన్ని చోట్ల నచ్చే ముగింపు ఉంటే ప్రమాణాలు సడలుతాయన్న అనుమానాన్ని అది బలపరుస్తుంది. కానీ అవే ఎరలను వేరే రంగాల జర్నళ్లకు పంపలేదు కనుక, 'ఈ రంగాలు మాత్రమే' అన్న వాదనకు ఆధారం లేదు. బోఘోసియన్ పనిచేసిన పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం, మనుషులపై పరిశోధనకు కావలసిన అనుమతి లేకుండా సంపాదకులను, సమీక్షకులను ప్రయోగానికి వాడుకున్నారని తేల్చింది.

చెత్తను లోపలికి రానివ్వడం ఒక్కటే సమీక్ష వైఫల్యం కాదు. మంచిని బయటికి నెట్టడం కూడా వైఫల్యమే. దీన్ని పరీక్షించే బూటకాలు చాలా తక్కువ, బహుశా వాటిలో నవ్వు లేకపోవడం వల్ల. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మంచి పేరున్న 12 మనస్తత్వ శాస్త్ర జర్నళ్లలో అప్పటికే అచ్చయిన ఒక్కో పత్రాన్ని తీసుకుని, ప్రతిష్ఠ గల సంస్థల నుంచి వచ్చిన రచయితల పేర్లు మార్చి, ఎవరూ వినని సంస్థల పేర్లు తగిలించి, వచ్చిన జర్నలుకే తిరిగి పంపారు. తాము ముందే ప్రచురించామని మూడు జర్నళ్లే గుర్తుపట్టాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిది తిరస్కరించాయి. ముందే అచ్చయిందన్న కారణంతో కాదు, పద్ధతుల్లో తీవ్రమైన లోపాలున్నాయన్న కారణంతో. రెండు మూడేళ్ల ముందు కనిపించని లోపాలు సంస్థ పేరు మారగానే కనిపించాయి. సోకల్ ఉదంతం తెలిసినవారిలో పదోవంతు మందికైనా ఇది తెలిసి ఉంటే, సమీక్ష గురించి మాట్లాడే తీరే వేరుగా ఉండేది.

బూటకం దెబ్బ సంపాదకులకు తగిలినంత వరకు ఒక సంగతి, పాఠకులకు తగిలితే మరో సంగతి. 2015లో బొహానన్ మళ్లీ వచ్చారు, ఈసారి జర్మన్ టీవీ విలేకరులతో కలిసి. 15 మందిపై నిజంగానే ఆహార ప్రయోగం చేశారు. ఒక బృందం పిండిపదార్థాలు తగ్గించి తింది, ఒకటి వాటితోపాటు రోజూ డార్క్ చాకొలెట్ తింది, మూడోది మామూలుగా తింది. ఒక్కొక్కరికి 18 రకాల కొలతలు తీశారు. కిటుకు అక్కడే ఉంది. ఒక్కో కొలతలో కేవలం యాదృచ్ఛికంగా 'గణనీయమైన తేడా' కనబడే అవకాశం వందకు ఐదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 18 కొలతలు తీస్తే, కనీసం ఒకదాంట్లో అలా తగిలే అవకాశం దాదాపు వందకు 60. వాళ్లకు బరువులో తగిలింది. చాకొలెట్ తింటే బరువు పది శాతం వేగంగా తగ్గుతుందన్న పత్రం 600 యూరోల రుసుముతో అచ్చయింది. 'బిల్డ్' పత్రిక దాన్ని మొదటి పేజీలో వేసింది. అక్కడి నుంచి ఎన్నో దేశాల పత్రికలు ఎత్తుకున్నాయి. ఎందరు పాల్గొన్నారన్న ప్రశ్న అడిగినవారు దాదాపు లేరు.

ఆహార వార్తలు ఎలా తయారవుతాయో దీనికన్నా స్పష్టంగా చూపడం కష్టం. అయినా ఇది ఒప్పుకోదగిన పద్ధతి అనిపించదు. ప్రయోగంలో పాల్గొన్నవారికి అసలు ఉద్దేశం చెప్పలేదు. మొదటి వార్త చదివి ఆహారం మార్చుకున్న ప్రతి మనిషికీ, మే నెలలో వచ్చిన వివరణ చేరిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వుడ్ మోసగించింది ఎదురుగా ఉన్న ఒక శాస్త్రవేత్తను, ఆ గదిలోనే. గాలిలోకి వదిలిన అబద్ధాన్ని మళ్లీ సంచీలోకి పట్టలేరు.

ఇంతకన్నా లోతైన ప్రశ్న ఒకటి మిగిలింది. బూటకం పన్నినవాడు చెప్పిన కథ నిజమా? 1973లో స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రోజెన్‌హాన్ 'సైన్స్'లో ఒక పత్రం ప్రచురించారు. మానసికంగా ఆరోగ్యంగా ఉన్న 8 మంది, 'డొల్ల', 'ఖాళీ' వంటి మాటలు చెవిలో వినిపిస్తున్నాయని మాత్రమే చెప్పి, 12 ఆసుపత్రుల్లో చేరారన్నది సారం. చేరాక మామూలుగా ప్రవర్తించినా, సగటున 19 రోజులు లోపలే ఉంచారని రాశారు. మనోవైద్యం పునాదులు కదిలాయి. 1980లో వచ్చిన కొత్త రోగ నిర్ధారణ ప్రమాణాలు అంత కఠినంగా రూపొందడానికి ఆ పత్రం తెచ్చిన ఒత్తిడి కూడా ఒక కారణం. దశాబ్దాల తర్వాత జర్నలిస్టు సుసానా కహలన్ ఆ కాగితాలను వెతికి, 2019లో తాను కనుగొన్నది ప్రచురించారు. ఆసుపత్రిలో రోజెన్‌హాన్ తానే చెప్పుకున్న లక్షణాలు, పత్రంలో రాసినదానికన్నా చాలా తీవ్రమైనవని అప్పటి వైద్య రికార్డు చూపింది. ఆసుపత్రి అనుభవం బాగుందన్న ఒకరిని లెక్కలోంచి తొలగించారు. మిగిలినవారిలో చాలామంది ఆచూకీయే దొరకలేదు.

మనోవైద్యుల ప్రమాణాలను నిలదీసిన పత్రాన్ని అదే ప్రమాణాలతో నిలదీయడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే చదివినవారికి అది నచ్చింది. 'సోషల్ టెక్స్ట్' సంపాదకులకు సోకల్ వ్యాసం నచ్చినట్టే. బూటకం కూడా ఒక ప్రయోగమే కనుక, దాని దత్తాంశాన్నీ ఇతరులు చూడగలగాలి. ఏ జర్నళ్లకు పంపారు, ఎన్ని కాదన్నాయి, ఏ లేఖలు వచ్చాయి, అన్నీ బయట పెట్టాలి. బొహానన్ 2013లో ఉత్తరప్రత్యుత్తరాలను అందుబాటులో ఉంచారు. తిరస్కరించినవారి పేర్లు దాచే బూటకాన్ని నమ్మనవసరం లేదు.

పరీక్ష కోసం చేసిన పనిముట్టు దొంగ చేతికి చిక్కిన ఉదంతం కూడా ఉంది. 2005లో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు అర్థం లేని కంప్యూటర్ సైన్స్ పత్రాలను తనంతట తాను రాసే 'సైజెన్' అనే ప్రోగ్రామును తయారుచేశారు. విచ్చలవిడిగా ఆహ్వానాలు పంపే ఒక సమావేశాన్ని పరీక్షించడం వాళ్ల ఉద్దేశం. ఒక పత్రానికి అంగీకారం వచ్చింది కూడా. ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ లాబే 2010లో అదే ప్రోగ్రాముతో ఐక్ అంట్‌కారే అనే లేని శాస్త్రవేత్తను సృష్టించి, అతను ఒకదాన్నొకటి ఉల్లేఖించుకునే పత్రాలు రాసినట్టు చేసి, ఉల్లేఖనల లెక్కలో ఐన్‌స్టీన్ కన్నా పై వరుసలో నిలబెట్టారు. ఇంతవరకు ఇది పరీక్షే. కానీ 2014లో లాబే వెతికితే, స్ప్రింగర్, ఐఈఈఈ సంస్థల ప్రచురణల్లో 120కి పైగా సైజెన్ పత్రాలు బయటపడ్డాయి. వాటి గుట్టు విప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. అవి బయోడేటాలో అంకె పెంచుకోవడానికి వాడినవన్న అనుమానం కలగక మానదు. ఇప్పుడు పత్రాలు అమ్మే కార్ఖానాలే ఉన్నాయి. 2023లో హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థ జర్నళ్ల నుంచే 8,000కు పైగా పత్రాలను ఉపసంహరించారు. అసలు మోసం ఇంత మోతాదులో ప్రవహిస్తున్నప్పుడు, ఇంకో బూటకపు పత్రం కలిపి 'చూశారా' అనడంలో కొత్తగా తేలేది ఏమీ లేదు. పైగా యంత్రాలు ఇప్పుడు నున్నటి వాక్యాలు రాస్తున్నాయి. సైజెన్ పత్రం మొదటి పేరాలోనే దొరికిపోయేది. ఇకపై లోపం వాక్యంలో కాదు, ప్రయోగం అమరికలోనే దొరకాలి.

అందుకే బయటివారు వేసే ఎర కన్నా, లోపలివారు తమకు తామే పెట్టుకునే పరీక్షకు ఎక్కువ గౌరవం దక్కాలి. 1998లో ఫియోనా గాడ్లీ, ఆమె సహచరులు 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' సమీక్షకులనే పరీక్షించారు. అచ్చుకు సిద్ధంగా ఉన్న ఒక పత్రంలో కావాలని 8 లోపాలు చొప్పించి 420 మంది సమీక్షకులకు పంపారు. 221 మంది సమీక్ష రాసి పంపారు. వాళ్లు పట్టుకున్న లోపాలు సగటున రెండు. నూటికి 16 మంది ఒక్కటీ పట్టుకోలేదు. వీళ్లు రుసుము కోసం కళ్లు మూసుకునే జర్నలు మనుషులు కారు. ప్రపంచంలోని మేటి వైద్య పత్రికల్లో ఒకదానికి ఉచితంగా సమయం ఇచ్చే వైద్యులు, పరిశోధకులు. సంపాదకులు ఈ ఫలితాన్ని దాచకుండా మరో మేటి పత్రికలో ప్రచురించారు. తర్వాత శిక్షణ ఇస్తే మెరుగుపడతారేమోనని అదే జర్నలు సమీక్షకులను యాదృచ్ఛికంగా బృందాలుగా విడదీసి ఒక ప్రయోగం కూడా చేసింది. 2004లో ఫలితం వచ్చింది. శిక్షణ పొందినవారు కాస్త మెరుగ్గా చేశారు, ఆ తేడా కొన్ని నెలలకే దాదాపు కరిగిపోయింది.